బావ ఎనుముతో మాట్లాడే మాట

ఇది రాయకుండా పడుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. ఈ సాయంత్రం మా బావ కోడలు కంగారుగా వచ్చింది. అత్తగారు పోయినప్పటినుంచి మామగారు తనలో తానే గొణుక్కుంటున్నాడట. విరుదునగర్‌లో పిచ్చి డాక్టరుకు చూపించాలా అని అడిగింది. తమిళ పిల్ల, పాపం, మన తెలుగు మాట రాదు; మా మేనల్లుడేమో ఉద్యోగానికని వేరే ఊళ్లో ఉంటాడు.

వెళ్లి చూస్తే బావ పెరట్లో, పశువుల కొట్టంలో గేదె పక్కన ఉన్నాడు.

"ఎవురితో బావా మాటలు?"

"ఎనుముతో. నీ చెల్లెలు పోయినాక ఈ ఇంట్లో మన మాట తెలిసింది దీనికే గదా."

ఆ ఎనుము నరికుడి వైపు తెలుగువాళ్ల ఇంటినుంచి వచ్చింది. తమిళంలో అదిలిస్తే పాలు చేపదని మా చెల్లెలు పందెం కాసేది. పోనీండి, అది వేరే కథ.

బావను వీధి అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రోజూ వస్తాను, దిగులు పడొద్దు, నేను లేనా అని అరగంట ధైర్యం చెప్పాను. చివరికి బావ అన్నాడు:

"నువ్వూ అరవంలోనే చెప్తివే బావా."

గడప దాటితే తమిళం; చిన్నప్పటినుంచీ మా అందరికీ అదే అలవాటు. నాలుక నన్ను అడగనైనా లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

నేను తెలుగులో మళ్లీ మొదలుపెట్టేలోగా బావ లేచి కొట్టంలోకి వెళ్లి ఎనుముకు గడ్డి వేశాడు.