నా పేరు రాని ఆరు సినిమాలు

అర్మెల్ కెరివెన్‌కు కృతజ్ఞత అనే జబ్బు ఉంది. అతను నవలలు రాస్తాడు, సినిమాలు తీస్తాడు. పారిస్‌లో మహా గౌరవం. అయితే చిత్రీకరణ రోజుల్లో ఎవరైనా గొడుగు ఇచ్చినా, దారి చూపినా, వారి పేరు సినిమా చివర తెరమీదికి ఎక్కవలసిందే. మొదటి సినిమాలో ఆ పేర్లు మూడు నిమిషాలు నడిచాయి. ఏడవదానిలో ఇరవై ఆరు. అతని నవలలైతే కథ ముగిసిన తరువాతనే లావెక్కుతాయి.

ప్రతి సినిమానూ ముందుగా మా రేవు పట్టణంలోనే, శీతకాలపు ఆదివారం మధ్యాహ్నం వేయించేవాడు. మావాళ్లు కథ నడిచినంతసేపూ కునుకు తీసి, పేర్లు మొదలుకాగానే కళ్లద్దాలు తుడుచుకునేవారు. పేరు కనబడినవారు లేచి, నలుగురికీ తల వంచి, ఎదుటి కాఫేలో ఆపిల్ మద్యం తాగడానికి వెళ్లిపోవడం ఊరి ఆచారమైంది.

పారిస్ విమర్శకుడొకరు ఆ పేర్లను "మానవ సమూహంపై గంభీరమైన ధ్యానం" అని మెచ్చుకున్నారు. రొట్టెల దుకాణం సొలాంజ్ పెంపుడు పిల్లి అందులో రెండుసార్లు వచ్చిన సంగతి ఆయన గమనించినట్టు లేదు.

ఆరేళ్లు అతనికి వ్యాకరణం చెప్పినదాన్ని నేను. మొదటి సినిమాలో అందరికంటె ముందు నా పేరే వచ్చింది. నేనూ లేచి, తల వంచి, బయటికి నడిచాను. తరువాతి ఆరింటిలోనూ లేదు. అతని రెండో నవలలో నూట పన్నెండు తప్పులు చూపినందుకు కోపమేమో అనుకున్నాను. అయినా ప్రతిసారీ, తెర నల్లబడేవరకు, ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా వెతికేదాన్ని. ఆ ఒక్క పంక్తి కోసం మనసు ఎంత కొట్టుకునేదో చెప్పడానికి నాకు తగిన క్రియాపదం దొరకలేదు.

"ఈసారన్నా పడిందా, మేడమ్ కాదియూ?" అనేది సొలాంజ్.

"లేదు."

"మా పిల్లికి ఒకటి ఎక్కువే ఉందిగా. తీసుకోండి."

ఏడవ సినిమా నాడు అభిమానం చంపుకుని అర్మెల్‌నే అడిగాను. "నేను నీకు ఆ పిల్లిపాటి కూడా చేయలేదా?"

యాభై ఏళ్ల మనిషి, పాఠం రాని పిల్లవాడిలా చెవి గోక్కున్నాడు.

"మీ బస్సెన్నింటికి మేడమ్?"

"ఆరుంబావుకు. అడిగినదానికి జవాబు చెప్పు."

"అదే చెప్తున్నా. కథ అయిపోయేది ఐదూముప్పావుకి. మొదటిసారి మీ పేరు చూసుకుని లేచెళ్లిపోయారు. కాఫేలో వాసన పడదని ఆ రేవు గాలిలో అరగంట నిలబడ్డారు. నిమోనియాతో రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నారు. గుర్తుందా?"

"ఉంది."

"పేరు కనబడకపోతే మీరు కదలరు. లోపల వెచ్చగా ఉంటుంది. మనుషులు చాలకే పిల్లిని రెండుసార్లు వేశా."

"అంటే, నా బస్సు కోసం ఫ్రాన్స్ దేశమంతా ఇరవై ఆరు నిమిషాలు కూర్చుంటోందా?"

"వాళ్లు ధ్యానం చేసుకుంటున్నార్లెండి."

ఆ వాక్యంలో దిద్దవలసినదేదీ నాకు కనబడలేదు.

అతను మళ్లీ ఊరికి రాక మూడేళ్లు దాటింది. ఎప్పుడొస్తాడని సొలాంజ్ రోజూ అడుగుతుంది. నేనూ రోజూ ఎదురుచూస్తున్నాను. ఎనిమిదో సినిమా వచ్చే జనవరిలో వస్తుందట. మునిసిపాలిటీవారు నా బస్సును ఆరున్నరకు మార్చారు. ఆ సంగతి తెలియజేస్తూ అర్మెల్‌కు నిన్ననే ఉత్తరం వేశాను.