అత్తగారి మంచం కింద

ఆస్పత్రి లాండ్రీలో ఆమె పని దుప్పట్లు లెక్కపెట్టడం. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా, యంత్రంలోంచి వేడివేడిగా వచ్చే దుప్పట్లను మడతపెట్టి, ఇరవై చొప్పున కట్టలు కట్టి, వార్డులవారీగా పంపుతుంది. ఒక్క దిండు గలీబు తగ్గినా ఆమె కంటికి ఇట్టే దొరికిపోతుంది. అలాంటి మనిషికి తన ఇంట్లో ఎన్ని సబ్బులున్నాయో తెలియదంటే నమ్ముతారా? నమ్మాలి మరి.

భర్త లిఫ్టు మెకానిక్కు. తెల్లారగానే వెళ్లి సాయంత్రానికి వస్తాడు. ఆమె ఇల్లు చేరేసరికి గుర్రు పెడుతుంటాడు. ఒకే కప్పు కింద ఉంటూ ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకునేది ఆదివారాలే. ఇద్దరికీ జీతాలున్నాయి, తాగుడూ జూదమూ లేవు, ఇంట్లో మూడో మనిషి అత్తగారొక్కరే. అయినా ఇరవయ్యో తారీఖుకల్లా డబ్బు అడుగంటేది. ఆయన చేతికి ఎముక లేదని ఆమె, ఈవిడకి కొనే జబ్బు పట్టుకుందని ఆయన, లోలోపలే సణుక్కునేవారు. పైకి అంటే ఉన్న ఒక్క ఆదివారమూ పాడవుతుందని నోరు మెదిపేవారు కాదు.

చివరికి రెండు నెలల అద్దె బాకీ పడింది. ఊరి చివర ఒంటి గది చూసుకున్నారు. అందులో మూడో మంచం పట్టదు కాబట్టి అత్తగారు చిన్నకొడుకు ఇంటికి వెళ్లాలి. ఆ మాట చెప్పినప్పుడు, "అలాగేలే అమ్మాయ్, వాడూ నా కొడుకేగా," అంది కానీ, ఆ పూట కంచం ముందు నుంచి సగంలో లేచిపోయింది. కోడలి ప్రాణం ఉసూరుమంది. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న ఆమెకు పదకొండేళ్లుగా జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఈవిడే.

సామాను సర్దే ఆదివారం, విప్పడానికని అత్తగారి మంచాన్ని భర్త పక్కకు జరిపాడు. కింద అట్టపెట్టెలు. ఒకదాన్నిండా సబ్బులు. ఇంకోదాంట్లో బట్టల పౌడరు పదకొండు ప్యాకెట్లు. టూత్‌పేస్టులు తొమ్మిది, మూత తీయని నూనె డబ్బాలు, కుక్కర్ రబ్బర్లు ఆరు!

"ఇవన్నీ మీరే కొన్నారా?" అంది ఆమె భర్తతో.

"నేనా? సగం నీ సంచిలో వచ్చినవే!"

ఇద్దరూ కలిసి అత్తగారి వంక చూశారు. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

"ఏం చెప్పనురా? పొద్దున తను తెచ్చిందే సాయంత్రం నువ్వూ తెస్తావు. తెలిస్తే ఒకళ్లనొకళ్లు అనుకుంటారని రెండోది దాచేసేదాన్ని. అవి వాడదామనుకునేలోపే ఇంకో జత వచ్చిపడేది. గొడవ లేకుండా చూశాననుకున్నానే గానీ, ఇల్లు ముంచుతున్నాననుకోలేదు," అని కళ్లొత్తుకుంది.

నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు ముందు నవ్వేసింది. డబ్బు ఎవరూ తగలెయ్యలేదు, ఎవరికీ ఏ జబ్బూ లేదు!

ఇంటి యజమానిని బతిమాలి మూడు నెలలు గడువు తెచ్చుకున్నారు. ఇక నుంచి రెండు జీతాలూ అత్తగారి చేతికే. మంచం కింద ఖాళీ అయ్యేదాకా కొత్తది కొనకూడదు. ఎవరేం కొనాలన్నా ముందు ఆవిడకు ఫోన్ చెయ్యాలి.

మొదటి వారం చుక్కలు కనిపించాయి. దుకాణం ముందు నిలబడి, "నూనె అయిపోయిందేమోనే అమ్మా?" అనేవాడు కొడుకు. "అవలేదు. తిన్నగా ఇంటికి రా," అనేది ఆవిడ. కోడలికైతే ఖాళీ సంచితో ఇల్లు చేరడం తప్పు చేసినట్టుండేది. ఏది నిండుకుంటుందో అన్న భయం ఆమెకు చిన్నప్పటిది. మెల్లగా ఆ భయం వదిలింది.

మూడో నెల ఆఖరుకి బాకీ తీరింది. ఈ ఇంట్లోనే ఉండమన్నాడు యజమాని. మర్నాడు చిన్నకొడుకు ఫోన్ చేశాడు, ఎప్పుడొస్తావమ్మా అని.

"ఇప్పట్లో రాలేనురా. నాకిక్కడ ఉద్యోగం దొరికింది. నేను లేకపోతే వీళ్లు సబ్బుబిళ్ల కూడా కొనలేరు," అంది అత్తగారు గట్టిగా.

డ్యూటీకి బయల్దేరుతున్న కోడలికి కళ్లు చెమర్చాయి. మూడు నెలల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకుంది. దగ్గరికెళ్లి చెయ్యి చాపింది.

"అత్తయ్యా, బస్సుకి డబ్బులివ్వండి."

"నిన్న ఇచ్చినవేమయ్యాయి?" అంది అత్తగారు.