మైనస్ ఐదు ఏం పాపం చేసింది?

సీతారామాంజనేయులు మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పరు. తెలియక కాదు, తెలిసే చెప్పరు. జవాబు దొరుకుతుందా, దొరకదా అన్నంతవరకే ఆయన పని. దొరుకుతుందని తేలిందా, చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. మిగతాది మీరూ మీ అదృష్టమూ.

ఒకసారి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద ఒక కుర్రాడు ఆయన్ని ఆపాడు.

"అంకుల్, శిల్పారామం ఎటు పోవాలె?"

"నీ ఫోన్లో చార్జింగ్ ఉందా బాబూ?"

"ఉంది."

"నెట్ వస్తోందా?"

"వస్తుంది."

"రెండూ కలిపితే చాలు," అని మాస్టారు సాగిపోయారు. కుర్రాడు కాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. శిల్పారామం బోర్డు వాడి వీపు వెనకే ఉంది.

ఇంట్లో జయలక్ష్మిగారి అవస్థ మరోరకం. "ఏవండీ, ఉప్మా చెయ్యనా, పెసరట్టు వెయ్యనా?" అంటే, "ఇచ్చిన సమాచారం చాలదు జయా. పెసలు నానబెట్టావా?" అంటారు. "నానబెట్టాను." "ఇప్పుడు చాలు." "అంటే పెసరట్టేగా?" "అది నువ్వు తేల్చుకో. చాలుతుందన్నాను, అంతే."

"నా పెళ్లిచూపులప్పుడూ ఇంతేనమ్మా," అని ఆవిడ క్లాసుకొచ్చే ఆడపిల్లలకు చెప్పుకునేది. "అమ్మాయి నచ్చిందా బాబూ అని మా నాన్న అడిగితే, 'నిర్ణయానికి రావడానికి సమాచారం చాలుతుందండీ' అన్నారు. ముహూర్తం పెట్టేశారు. నచ్చానో లేదో ఇవాళ్టికీ నాకు తెలీదు."

దీనికంతటికీ మూలం ఆయన చెప్పే పాఠం. గణాంక శాఖలో రిటైరై, స్టేషన్ వెనక సందులో కర్రీ పాయింట్ పైన డాబామీద రేకుల షెడ్డు వేసి, ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ పెట్టారు. అందులోనూ ఒకే ఒక్క అధ్యాయం: డేటా సఫిషియన్సీ. పైన ఒక ప్రశ్న ఉంటుంది, కింద రెండు వాక్యాలుంటాయి. ఆ వాక్యాలతో ప్రశ్నకు జవాబు తేలుతుందా లేదా అన్నది చెప్పాలి. జవాబు మాత్రం కనుక్కోకూడదు. కనుక్కుంటే టైము దండగ. ఈ చిన్న సంగతి తలకెక్కక దేశంలో వేలమంది పరీక్షలు తప్పుతున్నారని మాస్టారి బాధ.

"ప్రశ్న: రమ్య వయసెంత? ఒకటి: రమ్య వయసూ లావణ్య వయసూ కలిపితే యాభై. రెండు: లావణ్య కంటే రమ్య నాలుగేళ్లు పెద్ద. ఊఁ, చెప్పండి!"

"ఇరవై ఏడు సార్!" అని ముందు బెంచీలోంచి వెంకట్ అరిచేవాడు. వెంకట్‌ది తణుకు. లెక్క కనబడితే చెయ్యకుండా ఉండలేడు.

మాస్టారు నుదురు కొట్టుకునేవారు. "ఎవరడిగారయ్యా ఆ అమ్మాయి వయసు? నాకక్కర్లేదు, పరీక్ష పెట్టినవాడికక్కర్లేదు. నీకెందుకు? రెండూ కలిపితే చాలు, అక్కడితో ఆగు! తెలుసుకునే దారి ఉందని తెలిశాక ఇంకా లోపలికి తొంగిచూడ్డం మర్యాదేనా? సున్నా! కూర్చో!"

ఇంకో లెక్క పెట్టేవారు. ఎక్స్ స్క్వేర్ ఇరవై ఐదు. ఎక్స్ ఎంతో తేలుతుందా? క్లాసంతా "తేలుతుంది సార్, ఐదు!" అనేది. అప్పుడు మాస్టారి ముఖం చూడాలి. ఇంట్లో మనిషిని మరిచిపోయి రైలెక్కినవాడి ముఖంలా ఉండేది.

"మైనస్ ఐదు ఏం పాపం చేసిందయ్యా? దాన్ని స్క్వేర్ చేస్తే ఇరవై ఐదు రాదా? సున్నాకి ఎడమపక్క పుట్టడమేనా దాని తప్పు?"

అందరూ నవ్వేవాళ్లు. వెనక బెంచీలో నితీష్ నవ్వేవాడు కాదు. ఆ మైనస్ ఐదు తానేనని వాడికి మొదటిరోజే అర్థమైంది.

నితీష్ ఖాజాగూడ పిల్లవాడు. బాచుపల్లి అవతల ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, మూడో ఏడు మధ్యలో మానేశాడు. కాలేజీ మానేసి కంపెనీలు పెట్టినవాళ్లున్నారట. నితీష్ మాత్రం కాలేజీ మానేసి ఖాజాగూడ రాళ్లమీద కూర్చున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వాళ్ల నాయిన లింగమూర్తి ఏదో ఒకటి గొప్పగా అనేవాడు, వీడి నోరు మూతపడేది. లింగమూర్తి సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసుల దగ్గర దింపే క్యాబ్ నడుపుతాడు. బండెక్కినవాళ్లు చెవుల్లో వైర్లు పెట్టుకునేలోపే మొదలుపెట్టేవాడు: "మా పోరడు ఇంజినీరు మేడం. డిగ్రీ అయిపోయింది. ఇగ బ్యాంకు ఆఫీసరు పరీక్ష రాస్తుండు."

ఆ పరీక్షకు దరఖాస్తు పెట్టాలంటే డిగ్రీ ఉండాలి. అంటే నితీష్ తాను రాయలేని పరీక్షకు చదువుతున్నాడు. రోజూ, పొద్దున్నే లేచి, శ్రద్ధగా.

ఈ ఏరియాలో మెడలో ఆఫీసు ట్యాగు లేనివాణ్ణి వీధికుక్కలు కూడా అనుమానంగా చూస్తాయని వాడి నమ్మకం. అందుకని నీలం తాడొకటి కొని, చివర మెట్రో కార్డు తగిలించి, కార్డు కనబడకుండా చొక్కా జేబులోకి దోపుకునేవాడు. ఏ కంపెనీ అని ఎవరైనా అడిగితే దగ్గొచ్చేది. ఏ సంవత్సరం డిగ్రీ అంటే ఇంకా పెద్ద దగ్గొచ్చేది. ఆ దగ్గు షెడ్డు గోడ అవతలే ఉన్న మాస్టారి వంటింట్లోకి వినబడేది. వెంటనే జయలక్ష్మిగారు మిరియాల కషాయం గ్లాసుతో హాజరు.

"ఏంటి బాబూ, ఈ దగ్గు నిన్ను వదలదా?"

"దుమ్ము ఆంటీ. మెట్రో దుమ్ము."

అబద్ధానికి ఫలితంగా అంత ఘాటైన కషాయం తాగిన మనిషి ఆ చుట్టుపక్కల మరొకడు ఉండడు. ప్రతి గుక్కకూ సిగ్గుతో చెవులు ఎర్రబడేవి. ఆవిడ మిరియాల వల్ల అనుకునేది.

చిత్రమేమిటంటే, క్లాసులో అందరికంటే వాడే మేటి. ఎన్నడూ జవాబు తీసేవాడు కాదు. చాలు, చాలదు, అంతే. బతుకులో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా తప్పించుకోవడం మరిగినవాడికి అది పెద్ద కష్టమా?

దరఖాస్తులు మొదలైనరోజు క్లాసంతా ఫోన్లలో తలలు దూర్చింది. పక్క బెంచీలో రసజ్ఞ, ఆఫీసుకు వెళ్లే తొందరలో ఉండి కూడా, వీడివైపు తిరిగింది. "నితీష్, నీదయ్యిందా? డిగ్రీ పర్సెంటేజ్ పాయింట్లతో సహా వెయ్యాలా? నువ్వేం వేశావ్?"

నితీష్ దగ్గు అందుకోబోయాడు. ఈలోపు మాస్టారు డస్టర్‌తో బల్లమీద కొట్టారు.

"రసజ్ఞా! లెక్క బోర్డుమీద ఉంది, నితీష్ ముఖంమీద లేదు."

బతికాను రా దేవుడా అనుకున్నాడు నితీష్. అది అదృష్టమనుకున్నాడు.

దరఖాస్తుకు ఆఖరి రోజు పొద్దున, క్లాసు మధ్యలో, షెడ్డు గుమ్మంలో ఖాకీ చొక్కా కనబడింది. లింగమూర్తి. చేతిలో జిలేబీ పొట్లం.

"నమస్తే సార్. నేను నితీష్ వాళ్ల నాయిన. నా బండి ఎక్కిన ఒక మేడం చెప్పింది, ఫారం నింపనీకి ఇయ్యాలే ఆఖరంట. మావోడు ఇంట్ల సప్పుడు జేస్తలేడు. నింపిండా సార్? వానికి కొలువొస్తదా? జర మీరన్న చెప్పుండ్రి."

నితీష్‌కు దగ్గు కూడా రాలేదు. అవసరానికి అదీ మోసం చేసింది. డాబా అంచు ఎంత దూరమో కళ్లతో కొలుచుకున్నాడు. కింద కర్రీ పాయింట్‌వాడు సాంబారు డేగిశా దించుతున్నాడు.

వెంకట్‌కు లెక్క కనబడింది. ఊరుకోలేకపోయాడు. "అంకుల్, వాడు నింపలేదండి. అసలు నింపాలంటే ముందు డిగ్రీ..."

"వెంకట్!"

మాస్టారు అంత గట్టిగా అరవడం ఎవరూ వినలేదు. "జవాబు ఎవరడిగారయ్యా నిన్ను? సున్నా! కూర్చో!"

వెంకట్ కూలబడ్డాడు. మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డుమీద గబగబా రాశారు. ప్రశ్న: నితీష్‌కు బ్యాంకు ఉద్యోగం వస్తుందా? ఒకటి: నితీష్ తెలివైనవాడు. రెండు: నితీష్ రోజూ క్లాసుకు వస్తాడు.

"చెప్పండి!"

అలవాటైన ప్రాణాలు కదా, క్లాసంతా ఏకకంఠంతో పలికింది. "రెండూ కలిపినా చాలదు సార్!"

లింగమూర్తి బోర్డునూ పిల్లలనూ మార్చి మార్చి చూశాడు. "అంటే ఏంది సార్? రాదా?"

"రాదని నేనన్నానా? వస్తుందనీ అనలేదు. చాలదన్నాను. ఇంకొక్క వాక్యం కావాలండి. అది నా దగ్గర లేదు."

"మరి ఎవలి తాన ఉన్నది?"

మాస్టారు నితీష్ వైపు చూడలేదు. చూస్తే జవాబు చెప్పేసినట్టే. వీపు తిప్పుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డు మూలని తుడవసాగారు.

"మీ సదువుల ముచ్చట నాకు సమజ్ కాదు సార్," అన్నాడు లింగమూర్తి. "బండి అడ్డం పెట్టొచ్చిన, పోలీసోళ్లు వస్తరు. ఒరేయ్, నేను కిందుంట. రా." జిలేబీ పొట్లం మాస్టారి బల్లమీద పెట్టి మెట్లు దిగాడు.

ఆవేళ క్లాసు అక్కడితో అయిపోయింది. అందరూ ట్యాగులు సర్దుకుంటూ వెళ్లిపోయారు. నితీష్ మాత్రం లేవలేదు.

"సార్, మీకు ఎరుకేనా?"

"ఎరుక అయ్యేందుకు చాలినంత ఉంది. జవాబు తియ్యలేదు."

"ఎప్పటిసంది?"

"నువ్వొచ్చిన మొదటి వారం నుంచి. వంగితే నీ జేబులోంచి మెట్రో కార్డు జారుతుంది, అదొకటి. డిగ్రీ మాటొస్తే దగ్గొస్తుంది, అది రెండు."

"మరి అడగలేదేంది సార్ ఒక్కసారన్నా?"

మాస్టారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "డేటా చాలిందని తెలిశాక ఆగనివాడికి రోజూ సున్నా వేస్తున్నాను కదా నాయనా. నాకు నేను వేసుకోమంటావా?"

నితీష్ తల వంచుకున్నాడు. రసజ్ఞ అడిగినప్పుడు బల్లమీద పడ్డ డస్టర్ దెబ్బ గుర్తొచ్చింది. దగ్గిన ప్రతిసారీ ఏదో ఒక లెక్క బోర్డుమీదికి వచ్చిపడటం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని అదృష్టమనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. జవాబు చెప్పని మనిషని తామంతా నవ్వుకున్నారు. ఆయన అడగకుండా వదిలేసిన ప్రశ్నలు ఎన్నున్నాయో, ఎందరివి ఉన్నాయో!

"మీ నాన్నగారు కింద ఎండలో ఉన్నారు," అన్నారు మాస్టారు. "ఆ ఒక్క వాక్యం బరువేం కాదు. మెట్లు దిగేటప్పుడే బరువు."

క్యాబ్‌లో ముందు సీట్లో కూర్చుని, సీటు బెల్టు పెట్టుకున్నాక, ఇక పారిపోవడానికి లేదని నిశ్చయం చేసుకుని, నితీష్ చెప్పేశాడు.

"నాయినా, ఫారం నింపలే. నింపనీకి రాదు. నాకు డిగ్రీ లేదు. మూడో సాల్ల మానేసిన."

లింగమూర్తి ఫోన్లో బుకింగ్ మోగింది. ఆయన దాన్ని కొట్టేశాడు. చేతికొచ్చిన బుకింగును నాయిన కొట్టేయడం నితీష్ చూడటం అదే మొదటిసారి.

బండి తీశాడు. "నా బండెక్కినోళ్లకు నేనిగ ఏం మొకం వెట్టుకోని చెప్పాలెరా?"

"అందరికీ చెప్పినవా నాయినా?"

"గచ్చిబౌలి సగం, మాదాపూర్ మొత్తం."

ఆ తరవాత సిగ్నల్ సిగ్నల్‌కూ తిట్టాడు. ఎర్రలైటు పడితే తిట్టు, పచ్చలైటు పడితే గేరు. ఆ రోడ్డుమీద సిగ్నళ్లకు లోటేం లేదు. ఖాజాగూడ మలుపు దగ్గరకు వచ్చేసరికి ఆయన దగ్గర తిట్లు అయిపోయాయి, రోడ్డు మాత్రం మిగిలింది.

"మిగిలిన సదువు సదువుతవా?"

"కాలేజీకి పోయి అడుగుత. మళ్ల తీసుకుంటే సదువుత."

"పాసైతవా?"

ఇదివరకైతే "ఫస్ట్ క్లాస్ నాయినా" అనేవాడు. "తెల్వది నాయినా," అన్నాడు.

లింగమూర్తి కొడుకువైపు తిరిగి చూశాడు. "ఇగో, గీ మాట నమ్ముత," అన్నాడు. వాడి మెడలోని నీలం తాడు పట్టుకుని లాగితే మెట్రో కార్డు బయటపడింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కోపం ఆపుకోవాలో నవ్వు ఆపుకోవాలో తెలియక, వీడి నెత్తిమీద ఒక్కటిచ్చాడు.

మర్నాడు నితీష్ అందరికంటే ముందే డాబా ఎక్కాడు. మెడలో తాడు లేదు. మాస్టారు అటు ఒకసారి చూసి, "చాలు నాయనా, కూర్చో," అన్నారు.

"చాలదు సార్. ఇయ్యాల జవాబు చెప్త."

చెప్పాడు. మూడో ఏడు ఎందుకు మానేశాడో, రాళ్లమీద ఎలా కూర్చున్నాడో, నాయిన ఏ సిగ్నల్ దగ్గర ఏమన్నాడో, అంతా. జన్మలో జవాబు జోలికి పోని మాస్టారు కుర్చీ దగ్గరకు లాక్కుని, నిన్నటి జిలేబీ ముందు పెట్టుకుని, ఒక్క ముక్క కూడా నోట పెట్టకుండా చివరిదాకా విన్నారు.

"ఎన్ని మార్కులు సార్?" అన్నాడు నితీష్, ముక్కు తుడుచుకుంటూ.

"సున్నా. పూర్తిగా చేసేశావు కదయ్యా!" అని మాస్టారు జిలేబీ వాడి చేతిలో పెట్టారు.

కషాయం గ్లాసుతో వచ్చిన జయలక్ష్మిగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "అయ్యో, ఇవాళ దగ్గు లేదూ!" అని, గ్లాసు వెనక్కి తీసుకెళ్లబోతూ మళ్లీ తిరిగారు. "ఏవండీ, వీడి జవాబైతే కూర్చుని విన్నారు, బావుంది. మరి ఆవేళ మా నాన్న అడిగినదానికి జవాబేంటో ఇప్పుడైనా చెబుతారా?"

సీతారామాంజనేయులు మాస్టారికి పెద్ద దగ్గొచ్చింది.

జయలక్ష్మిగారు గ్లాసు ఆయన ముందు పెట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కషాయం ఇంకా నోట పెట్టనేలేదు కాబట్టి, అది మిరియాల వల్ల కాదు.

"చాలు సార్," అన్నాడు నితీష్.