మెట్ల పాట

మా సారు తన పాటలు వంటింట్లో రికార్డు చేసుకునేవారు. అన్నం ఉడికే చోటే కవిత్వం కూడా ఉడకాలన్నది ఆయన నమ్మకమని ఈ మధ్య ఒక పెద్దమనిషి నాలుగు పేజీలు రాశారు. ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు వంట చేసినదాన్ని కాబట్టి అసలు సంగతి నేను చెప్పగలను. ఆ ఇంటి ముందుగది పంజాగుట్ట రోడ్డు మీదికి ఉండేది. అక్కడ కూర్చుని పాడితే రికార్డయ్యేది బస్సు హారన్లే. వంటిల్లు వెనకవైపు. అందుకని సారు ఒక స్టూలు తెచ్చుకుని, ఫ్రిజ్ పక్కన ఇరుక్కుని కూర్చుని, ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి పాడేవారు. కుక్కర్ కట్టేయమని ఏనాడూ అనలేదు. ఒంటిగంటకల్లా ఆయనకు అన్నం కావాలి.

సారు సినిమాలకు పాటలు రాసేవారు. జనం నోళ్లలో నానిన పాటలు ఓ పది ఉంటాయేమో. నేను చూసినంతలో పని ఇలా జరిగేది. ముందు ట్యూన్ వస్తుంది. మాటలు ఇంకా పుట్టి ఉండవు. ట్యూన్ మరిచిపోకుండా దానిలో ఏవో ఒక మాటలు కూరతారు. వాటిని డమ్మీ అంటారు. తర్వాత నాలుగు రోజులకో, నాలుగు వారాలకో అసలు మాటలు వస్తాయి, డమ్మీ పోతుంది. సారు డమ్మీల కోసం బుర్ర ఖర్చు పెట్టేవారు కాదు. ఎదురుగా ఏది కనిపిస్తే అది, నేను ఏది అంటే అది. గ్యాసు రావలసిన రోజున "గ్యాసు బండ వచ్చెనేమో, గొళ్లెం తీసి చూడవే" అని ఎంతో బాధగా పాడారు. ట్యూన్ విషాదానిది మరి. నేను నిజంగానే వెళ్లి గొళ్లెం తీసి చూశాను. ఎవరూ లేరు.

నాకు చదువు రాదని సారుకు తెలుసు. అది ఆయనకు ఒక వసతిగా ఉండేది. బయటివాళ్లు వస్తే కాగితాలు బోర్లించేవారు, నా ముందు మాత్రం పరిచి పెట్టేవారు. "నా పాట దొంగిలించలేని మనిషివి ఈ ఊళ్లో నువ్వొక్కదానివే" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఎదుటి మనిషి అంత నమ్మకంగా ఉంటే నవ్వక ఏం చేస్తాం.

సారు పోయాక ఇల్లు ఖాళీ చేశారు. నేను అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్‌లో ఊడ్చి, చాయ్ పెట్టే పనికి చేరాను. పొద్దటి బ్యాచ్ పోయి సాయంత్రం బ్యాచ్ వచ్చేలోపు గదులు ఖాళీగా ఉంటాయి. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి పొద్దు గడవక నాకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. జావా క్లాసు తుడవకుండా వదిలేసిన తెల్లబోర్డు మీద, ఒక మూల, అ ఆలు. అప్పటికి నాకు యాభై దాటాయి. ఆ సందులో చదువుకోవడానికి ఒక లాభం ఉంది. గోడకు, స్తంభానికి, మెట్లకు, ఎక్కడ చూసినా బోర్డులే. నేను ఎవరి సాయమూ లేకుండా మొదట చదివిన పూర్తి వాక్యం "మూడు పూటల భోజనం, వేడినీళ్ల సౌకర్యం కలదు" అన్నది. లేడీస్ హాస్టల్ వాళ్లది. ఆ రోజంతా దాన్ని మంత్రంలా అనుకుంటూ తిరిగాను.

ఆదివారం పూట మూడో అంతస్తులో ఒక క్లాసు గది తీసి ఉంచమని సెంటర్‌లో టెస్టింగ్ కోర్సు చెప్పే అబ్బాయి అడిగేవాడు. అందరూ అతన్ని అన్న అనేవారు. పాటలూ కవిత్వమూ మాట్లాడుకోవడానికి ఓ పదిమంది వచ్చేవారు. నేను చాయ్ తీసుకుని పోయేదాన్ని. ఒకరోజు తలుపు దగ్గరికి పోయేసరికి లోపల మా సారు పాడుతున్నారు. ట్రే కింద పడేదే. చూస్తే, కంప్యూటర్‌లో. సారు చెల్లెలు ఆయన ఫోన్‌లో ఉన్న పాటలన్నీ ఎవరికో ఇచ్చిందట, అవి ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగి వీళ్ల దాకా వచ్చాయట. అందరూ కళ్లు మూసుకుని వింటున్నారు. పాట మధ్యలో ఒక ఆడగొంతు, "సార్, పప్పు మాడుతది, జర పక్కకు జరుగుండ్రి" అంది.

పాట ఆగింది. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన తెలుగు లెక్చరర్ గారు కళ్లు తెరిచారు. "గమనించారా? లోకం కవిని పక్కకు జరగమంటోంది. ఆ వాక్యాన్ని ఆయన తీసేయలేదు. ఎందుకు తీయలేదు, అదండీ ప్రశ్న."

నాకు నవ్వాగలేదు. "గా గొంతు నాదే సార్," అన్నాను. "జరగలే. పప్పు నిజంగనే మాడింది."

అప్పటి నుంచి నాకు కుర్చీ వేశారు. చాయ్ మాత్రం నేనే పెట్టాలి.

ప్రతి ఆదివారం నన్ను అడిగేవారు. గ్యాసు బండ పాట మీద రెండు వారాలు చర్చ నడిచింది. బండ అంటే కర్మ అని ఒకరు, కోరిక అని ఒకరు. గ్యాసు అంటే గ్యాసే అని నేను. డమ్మీ అంటే ఏమిటో కూడా చెప్పి చూశాను.

"డమ్మీ అని ఆయన అనుకుని ఉంటారమ్మా," అన్నారు లెక్చరర్ గారు, ఓపికగా. "మహాకవులకు తాము ఏం రాస్తున్నారో తెలియదు."

"ఈ పాట పాడినప్పుడు సార్ ఏ మూడ్‌ల ఉండె, అమ్మా?" అని అన్న అడిగాడు.

"ఆకలి మీదుండె."

అన్న అది కూడా రాసుకున్నాడు. వచ్చే వారం దాని మీద మాట్లాడారు.

నాకు ఇదంతా బాగానే ఉండేది. మనిషి పోయాక ఆయన పప్పు మాడిన సంగతి కూడా ఇంతమందికి కావలసి రావడం చిన్న విషయం కాదు. చిక్కు పుస్తకంతో వచ్చింది. ఈ వంటింటి పాటలన్నీ కాగితం మీద పెట్టి అచ్చు వేయాలనుకున్నారు. బేగంపేటలో ఆఫీసు పని చేసే ఒక అమ్మాయి విని విని రాసింది. వంటింటి మాటలు ఎక్కడైనా తప్పు పోయాయేమో చూడమని కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. "మీకు చదవనీకి వస్తది కదా అమ్మా, జర చూసి చెప్పుండ్రి."

ఇంటికి తెచ్చుకుని వేలు పెట్టి చదివాను. చివరి పాట దగ్గర వేలు ఆగింది.

*ఎన్ని మెట్లు ఎక్కితినో, ఎన్ని మెట్లు దిగితినో*
*ఏ మెట్టు మీద కూసుంటే నన్ను లెవ్వుమనరో*
*ఆకాశమే మేడైతే ఆ నిచ్చెన ఎవ్వరిదో*
*నా కాళ్లకు ఎరుక గాని నాకు ఎరుక లేదో*

అది నా పాట. సారు ఇంట్లో పనికి చేరకముందు నేను బంజారా హిల్స్‌లో ఆరిళ్లలో పని చేశాను. లిఫ్టులు ఉన్నాయి, మావంటి వాళ్లకు కాదు. మెట్లు ఎక్కుతూ కట్టుకున్న పాట. సారు ఇంట్లో బియ్యం ఏరుతూ ఒకరోజు పాడుకుంటుంటే ఆయన విన్నారు. "ఆ మూడో లైను నాకివ్వు, మార్చి చూస్తాను" అని, ఈ ఆకాశం, నిచ్చెన పెట్టి, తానే ఒకసారి ఫోన్‌లో పాడుకున్నారు. ఏ సినిమాకూ వాడలేదు. ఆయన దొంగతనం చేశారని నేను అనను. నా పాటకు సారు ఒక లైను ఇచ్చారని ఆ రోజు నేనే పొంగిపోయాను. తర్వాత ఎప్పుడు పాడుకున్నా ఆ లైనుతోనే పాడుకున్నాను.

కానీ నా మాటలు అక్షరాల్లో ఎలా ఉంటాయో నేను అంతకుముందు చూడలేదు. మొదటిసారి చూసేసరికి కింద సారు పేరు ఉంది. పైన లెక్చరర్ గారి వ్యాసం, పది పేజీలు. పనిమనిషి మనసులోకి ఒక మగకవి ఇంతగా ప్రవేశించడం తెలుగులో అరుదట. ఈ పాటే పుస్తకానికి శిఖరమట. అచ్చుకు ఇంకో పది రోజులు ఉన్నాయి. అది అచ్చయితే ఇక ఆ పాట ఆయనదే. నేను ఎక్కడ పాడినా సారు పాట పాడుతున్నాననే అంటారు.

ఆదివారం చాయ్ ఇచ్చాక కూర్చోకుండా నిలబడి చెప్పాను. "ఆఖరు పాట సార్‌ది గాదు. నాది."

లెక్చరర్ గారు నా వైపు జాలిగా చూశారు. "వినీ వినీ మనదే అనిపిస్తుందమ్మా. అదే గొప్ప కవిత్వ లక్షణం."

అప్పుడు బేగంపేట అమ్మాయి మెల్లగా అంది. "అన్నా, గా పాట ముందట కొంచెం నాయిజ్ ఉండె. నేనే కట్ చేసిన."

"నాయిజ్ అంటే?"

"ఎవరో లేడీ."

అసలు రికార్డు వెతికి పెట్టారు. నేనే. చాటలో బియ్యం చప్పుడు, దాని మీద నా గొంతు, మొదటి రెండు లైన్లు. వెంటనే సారు, "ఆగాగు. ఇందాకటి ముక్కను నా మాటతో చూద్దాం, నేను పాడతా." ఇంకేం కావాలి.

అన్న లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "మస్తున్నది అమ్మా! ఇన్ని దినాలు చెప్పకపోతిరి!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎంతసేపు ఉన్నాయో చెప్పలేను కానీ, చాయ్ మీద మీగడ కట్టేంతసేపు మాత్రం లేవు. ఎవరో అడిగారు, మరి పుస్తకంలో ఎట్లా అని. పుస్తకం సారుది. ఇందులో వేరేవాళ్ల పాట ఎట్లా ఉంటుంది? ఇంకో పాటను శిఖరం చేయాలి. గ్యాసు బండ అయితే ఎట్లుంటది అన్నారు.

"నా పేరు పెట్టి ఎయ్యరాదా?" అన్నాను.

"పెట్టొచ్చమ్మా," అన్నారు లెక్చరర్ గారు. కాగితం దగ్గరికి తీసుకున్నారు. "కానీ నిజం చెప్పాలంటే నాకు మొదటినుంచీ ఒక అనుమానం ఉంది. ఈ మూడో లైను చూడండి. ఆకాశం, మేడ, నిచ్చెన! ఇది కవి మాట కాదు. సినిమా పాటలు విని విని అబ్బిన మాట. మిగతా మూడూ సహజంగా ఉండి, ఇక్కడ మాత్రం అతుకు. మన సారైతే ఇలా రాయరు. నేను మర్యాదకు వ్యాసంలో ఎత్తలేదు."

పది పేజీల్లో మూడు పేజీలు ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి. వేలు పెట్టి చదివాను కాబట్టి నాకు తెలుసు.

చెప్పకూడదనే అనుకున్నాను. పోయిన మనిషి. కానీ నోరు ఆగలేదు. "గా ఒక్కటే సార్‌ది," అన్నాను.

లెక్చరర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని చదివారు. చాలాసేపు చదివారు. "అదీ!" అన్నారు చివరికి. "అందుకే తక్కిన లైన్ల నుంచి విడిగా లేచి నిలబడింది. చూశారా, మామూలు మాటల మధ్య ఒక్కసారిగా ఆకాశం!"

"అయితే అతుకు కాదా, సార్?" అని బేగంపేట అమ్మాయి అడిగింది. ఆమె ముఖంలో నవ్వు ఉందో లేదో నాకు తెలియలేదు.

"అతుకు కాదమ్మా. ఎగరడం."

పుస్తకం వచ్చింది. చివరి పేజీలో ఆ ఒక్క లైనే ఉంది, తెల్లకాగితం మధ్యలో. కింద "అసంపూర్ణ గీతం నుంచి" అని వేశారు. మిగతా మూడు లైన్లు లేవు. లెక్చరర్ గారు దాని మీద మూడు పేజీల వ్యాసం ఉంచి తక్కిన ఏడూ తీసేశారు. నాకొక పుస్తకం ఊరికే ఇచ్చారు. మొదటి పేజీలో వంటింటి మాటలు సరిచూసినందుకు కృతజ్ఞతలు అని ఉంది. అక్కడ నా పేరు వేస్తామంటే నేనే వద్దన్నాను.

పాత కాగితం బేగంపేట అమ్మాయిని అడిగి తెచ్చుకున్నాను. లెక్చరర్ గారి ఎర్రపెన్ను గీత మూడో లైను చుట్టూ ఉంది. సరే, సారు లైను సారు తీసుకున్నారు, నా లైను నేను పెట్టుకుంటాననుకున్నాను. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. గుర్తు రాలేదు. సారు మార్చకముందు అక్కడ ఏముండేదో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. మొదటి రెండు లైన్లు పాడితే నోరు దానంతట అదే ఆకాశం దగ్గరికి పోతోంది. రికార్డులో ఉంటుందేమో అని మళ్లీ పెట్టించుకుని విన్నాను. రెండు లైన్లకే సారు ఆగాగు అన్నారు కదా.

పది రోజులు ఊడుస్తూ, గిన్నెలు తోముతూ అదే పని. దొరకలేదు. పదకొండో రోజు వెతకడం మానేసి కొత్తది కట్టడం మొదలుపెట్టాను. నాలుగు రాసి మూడు కొట్టేశాను. మిగిలింది ఇది:

*కూసున్న మెట్టు సుత కిందికే జరిగెనో*

బేగంపేట అమ్మాయికి చూపించాను. రెండుసార్లు చదివింది. "ఏమనుకోకుండ్రి అమ్మా," అంది, "సార్‌దే జర ఎక్కువ బాగున్నది."

"నాకు సుత గట్లనే అనిపిస్తుంది బిడ్డా," అన్నాను.

అయినా కాగితం మీద ఎర్రగీత పక్కన ఆ లైనే రాసి, కింద నా పేరు రాశాను. పేరు చివరి అక్షరం కాస్త వంకర పోయింది. పాట మాత్రం ఇప్పుడు ఆ లైనుతోనే పాడుకుంటున్నాను. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఇంకా తడబడుతున్నాను.