మంచుదారి మీద పేరు

సింగపూర్‌లో ఐటీ జోరుగా ఉన్న రోజులు. పాసిర్ రిస్ వెళ్లే మెట్రో రైల్లో పక్కనున్న తెలుగాయన ల్యాప్‌టాప్‌లో నార్వే మ్యాపు కనిపించింది. లైబ్రరీలో చలిదేశాల పుస్తకాలు చదివినవాణ్ణి కదా, "మంచు మీద జారే స్కీ దారులా అంకుల్?" అన్నాను.

"అవును బాబూ. ఇది ఇంటర్నెట్‌లో ఎవరైనా దిద్దగలిగే మ్యాపు. ఈ దారి మా అమ్మాయి అక్కడ చదువుకుంటూ పెట్టింది. నిరుడు చనిపోయింది."

ఇప్పుడు ఆ దారిలో యంత్రంతో మంచు చదును చేయడం మానేశారట. మ్యాపు మాత్రం చేస్తున్నారనే చెబుతోంది.

"మార్చేయండి అంకుల్. నమ్మి వెళ్లినవాళ్లు ఇరుక్కుంటారు."

"చివర దిద్దినవాళ్ల పేరే కనిపిస్తుంది బాబూ. మారిస్తే మా అమ్మాయి పేరు పోయి నాది పడుతుంది."

టాంపినీస్ స్టేషన్ దాటాక 'చదును చేయరు' అని టైపు చేసి, ల్యాప్‌టాప్ నావైపు తిప్పారు. "సేవ్ నువ్వు నొక్కు. నా వల్ల కావట్లేదు."

నొక్కాను. అంతవరకూ ఆమె పేరున్న చోటును, రైలు ఆగేదాకా ఆయన బొటనవేలితో కప్పి ఉంచారు.