గాలిమర కింద కళ్ళాపి

ఫ్యాన్ రెక్కకు ఏదో తగిలి మెత్తగా టప్పుమంది. ఉయ్యాలలో పాప కదల్లేదు గాని నేను ఉలిక్కిపడి లేచాను. లైటు వేసి చూస్తే నేల మీద ఒక దీపపు పురుగు, బూడిదరంగు రెక్కలు ఇంకా వణుకుతున్నాయి. దాన్ని కాగితం మీదికెత్తి కిటికీలో పెట్టాను. పాప ఊపిరి మరోసారి చూసుకుని కూర్చున్నాను. ఆ చప్పుడు విన్న రాత్రి నాకు నిద్ర పట్టదు. మా రజియా మేడం గుర్తుకొస్తుంది.

నంద్యాలలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు జంతుశాస్త్రం చెప్పేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. గబ్బిలం దూరితే అరిష్టమని ఇల్లే వదిలేసి పోయే మనుషుల మధ్య, ఆమెకు గబ్బిలాలంటే ప్రాణం. ఒకసారి గ్లౌజు తొడిగిన చేతిలో బొటనవేలంత గబ్బిలాన్ని పట్టుకుని మా బల్లల మధ్యకు వచ్చింది. నేను గోడ దాకా జరిగాను.

"ఏం పిల్లా, యాడికి పోతాండావు?"

"భయం మేడం."

"భయపడు, ఎవురొద్దన్నారు? భయపడతానే చూడు. వట్టి చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. కరిస్తే సూదులు పొడిపించుకోవల్సింది నువ్వే."

పుట్టుకతోనే పిరికిదాన్ని నేను. భయం పోతేగాని ఏదీ చేయలేమని అంతవరకూ అనుకునేదాన్ని. భయాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కూడా పని చేయొచ్చని ఆమె దగ్గరే తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆళ్ళగడ్డ దగ్గర మా ఊరి గుట్ట మీద కరెంటు తీసే గాలిమరలు లేచాయి. అంతకు ముందు కూలికి దొర్నిపాడు దాకా పోయే మా నాయనకు అక్కడ వాచ్‌మన్ పని దొరికింది. గాలిమర పక్కనే ఒక గది ఇచ్చారు. మా అమ్మకు ఆ గాలిమర ఇంటి గడపతో సమానమైంది. తెల్లవారకముందే దాని చుట్టూ ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేది. దసరాకు దాని మొదలు దగ్గర గుమ్మడికాయ కూడా కొట్టారు.

వానలు వెనకబట్టాక చిన్న గబ్బిలాలు ఒక తావు నుంచి ఇంకో తావుకు వలస పోతాయి. పొద్దుగూకే వేళ మా గుట్ట మీదుగా నల్లమల వైపు పొగలా సాగిపోవడం నేను చిన్నప్పటి నుంచీ చూసిందే. గాలిమరలు వచ్చాక అవి రాలిపోతున్నాయని ఊళ్ళో మాట పుట్టింది. కంపెనీ మేనేజరు మా కాలేజీకి వచ్చి, నిజమేమిటో చూసి చెప్పమని మేడాన్ని అడిగాడు. ఆమె కొన్నాళ్ళు రోజూ మొదటి బస్సుకు నంద్యాలలో ఎక్కి, గుట్ట ఎక్కి వెతికింది. ఆమె చేరేసరికి పొద్దెక్కేది. నేల అద్దంలా ఉండేది. చచ్చిన గబ్బిలం ఒకటో రెండో తప్ప కనబడలేదు. హాని లేదని రాసి సంతకం పెట్టింది. మా నాయన కడుపునిండా అన్నం తిన్నాడు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక తెల్లవారుజామున అమ్మ వెనకే లేచాను. ఆమె ఊడుస్తోంది. పక్కన తట్టలో ఆకుల కింద గబ్బిలాలు. ఒకటీ రెండూ కాదు.

"ఇవేందిమా?"

"ఏముండాది, దినామూ పడేటివే. దిబ్బలో పారేస్తాండా."

"మేడం వచ్చినప్పుడు కూడా పడినాయా?"

"పడకేం? అంత చదువుకున్న మనిషి ఇంటికొస్తాంటే చచ్చినవి కాళ్ళకు తగలనిస్తామా? ఆమె వచ్చిన దినాలు ఇంకా తొందరగా లేచి ఊడ్సినా." నా ముఖం చూసి ఆమెకు సంగతి అర్థమైంది. "నోరు మూసుకోని ఉండు. మీ నాయన మళ్ళా దొర్నిపాడుకు పోవల్లనా?"

నంద్యాల వెళ్ళి మేడం ఇంటి వీధిలో చాలాసేపు తిరిగాను. చెబితే నాయన పని పోతుంది. చెప్పకపోతే ఆమె సంతకం కింద అబద్ధం మిగులుతుంది. చివరికి ఆమే కిటికీలోంచి చూసి పిలిచింది. చెప్పాను. ఆమె ముందు పడీపడీ నవ్వింది. తర్వాత లేచి, తను రాసిచ్చిన కాగితం నకలు తీసి చూసుకుంది.

"మీ అమ్మ తప్పేముంది? ఇంటికి మనిషొస్తే ఊడ్చకుండా ఉంటారా? నాకంటే ముందు ఆడికి ఎవురొస్తారని నేను అడిగుండల్ల. అడగలే."

"మా నాయన పని మేడం..."

"అది నాకు వదిలెయ్."

ఈసారి ఆమె మా గదిలోనే దిగింది. చీకటుండగానే అమ్మ చేతిలోని చీపురు తీసుకుని మూల పెట్టింది. "ఊడ్వని గడప ఏం గడప" అని అమ్మ మూతి ముడుచుకుంది. మేడం, నేను చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని ఏరాం. కొన్నిటికి రెక్కలు విరిగాయి. కొన్నిటి మీద గీత కూడా లేదు. అలాంటి దాన్నొకదాన్ని ఆమె బండ మీద పెట్టి కోసి చూసింది. ఊపిరితిత్తుల నిండా నెత్తురు. తిరిగే రెక్క పక్కన గాలి ఒత్తిడి మారి అలా అయ్యుంటుందని ఆమె అనుమానం. అనుమానాన్ని అనుమానమనే చెప్పింది.

మేనేజరు దగ్గరికి నన్నూ తీసుకుపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "హాని లేదని మీరే రాసిస్తిరి కదా మేడం?"

"రాసిస్తి. తప్పు రాసిస్తి. పొద్దెక్కినాక వచ్చి, ఊడ్చిన నేల చూసి రాసినా. నా పేరు మీదనే మళ్ళా రాసిస్తాండా."

"ఇప్పుడు గాలిమరలు పీకెయ్యమంటారా?"

"ఎవురన్నారు? కరెంటు నాకూ కావల్ల. గాలి జోరుగా ఉంటే ఈ గబ్బిలాలు ఎగరవు. మెల్లగా ఉన్నప్పుడే ఎగురుతాయి. అప్పుడు మీకొచ్చే కరెంటు కూడా తక్కువే. వలస పోయే కాలంలో, గాలి మెల్లగా ఉన్న రాత్రులు రెక్కలు ఆపండి. తెల్లారి పడినవి చూసి చెప్పే పని ఈ వాచ్‌మన్‌కే ఇయ్యండి. ఆయప్పకు తెలిసినట్ల ఈ గుట్ట ఎవురికీ తెలీదు."

ఊడ్చింది ఎవరో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. చాలా తిప్పించుకున్నాక ఆ ఒక్క వలస కాలానికి ఒప్పుకున్నాడు. రాలడం తగ్గింది, ఆగలేదు. నాయన పని పోలేదు. చదువుకున్నవాళ్ళు తప్పు ఒప్పుకోవడం చాలాసార్లు చూశాను. ఆ తప్పును ఒక్క పేదింటి మీదికి కూడా జారనివ్వకుండా ఒప్పుకోవడం అప్పుడే చూశాను.

మేడం ఇప్పుడు రిటైరైంది. మొన్న ఫోన్ చేసి పాప గురించి అడిగి, మెల్లగా అసలు సంగతికి వచ్చింది. "సముద్రంలో కూడా గాలిమరలు పెడతారంట, పేపర్లో చూసినా. గబ్బిలాలు అంత దూరం పోవు, భయం లేదంటాండారు. ఎవురన్నా చూసినారా, ఊరికే అనుకుంటాండారా? మన గుట్ట మీదైతే ఏరినాం. నీళ్ళలో పడినవాటిని ఎవురు ఏరుతారు పిల్లా?"

ఈ వయసులో ఆ సంగతి చూడమని ఎవరెవరికో ఉత్తరాలు రాస్తోందట.

ఈ రోజు సాయంత్రం, ఊపిరి గురగురమంటోందని పాపను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు పైపైన చూసి, "ఏమీ లేదమ్మా, మీకు ఊరికే భయం" అన్నాడు. భయం నిజమే. అయినా కుర్చీలోంచి లేవలేదు. "ఎట్లా చూశారో చెప్పండి సార్" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, స్టెతస్కోపు మళ్ళీ చెవులకు పెట్టుకున్నాడు.