నాచారం దాబా మీద నీహారిక

మా ఆయన ఉప్పల్‌లో ఒక సర్వే ఆఫీసు ఫొటో ల్యాబులో పనిచేసేవాడు. విమానంలోంచి నేలను తీసిన ఫొటోలు కడిగే పని. అక్కడ వాడే ఫిల్ముల్లో ఒక రకం మన కంటికి ఆనని వెలుగును, ఎరుపుకు అవతలుండే పరారుణ కాంతిని పట్టుకుంటుంది. గడువు దాటిన చుట్టల చివర మిగిలిన ముక్కల్ని పై అధికారిని అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. ఆ ఫిల్ము వేడికి కూడా పాడవుతుంది. అందుకే నాచారంలో మేం అద్దెకుండే ఇంట్లో, ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కనే, నల్ల కాగితం చుట్టిన డబ్బాలు ఉండేవి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకటి తెరవబోతే ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు. అండ్ల ఎలుతురు సొచ్చిందంటే అంత ఖరాబైతది."

ఎనభైల చివరి సంవత్సరాలవి. ఆయనకు చుక్కల ఫొటోలు తీసే పిచ్చి. టెలిస్కోపు అద్దం ఆయన పెళ్లికి ముందే సొంతంగా అరగదీసుకున్నాడు. గొట్టం, స్టాండు ఫ్యాక్టరీల పక్కనున్న ఒక లేత్ షాపులో చేయించాడు. చీకటి పడ్డాక నాచారం మీద పొగ గోధుమరంగు దుప్పటిలా పరుచుకునేది. మామూలు ఫిల్ముతో ఆ పొగలో ఏమీ రాదని, పరారుణ కాంతి కాస్త దూసుకొస్తుందని ఆయన నమ్మకం. గొల్లకావడి మూడు చుక్కల కింద మసకగా కనిపించే నీహారికను, ఆ ధూళిమబ్బు వెనక దాగిన చుక్కల్ని ఒక్కసారైనా ఫిల్ము మీదికి దింపాలన్నది ఆయన ఆశ.

ఆ రోజుల్లో సాయంత్రాలు కరెంటు పోయేది. పోగానే మేం దాబా మీదికి పరుగెత్తేవాళ్లం. చుట్టూ చీకటి కావడం మంచిదే, కానీ టెలిస్కోపును చుక్కల వెంట తిప్పే మోటారు కూడా ఆగిపోయేది. అప్పుడు ఆ పని చేత్తో చెయ్యాలి. పక్కన బిగించిన చిన్న దుర్బిణిలో ఒక చుక్కను రెండు అడ్డగీతలు కలిసే చోట ఉంచి, అది జరిగినప్పుడల్లా మర తిప్పి మళ్లీ అక్కడికే తేవాలి. అరగంట పైన. కన్ను తీయకూడదు. ఆయనకు కళ్లద్దాలున్నాయి కాబట్టి అది నా పని అయింది. నాకు బాగానే వచ్చేది. ఆ చుక్క తప్ప ఇంకేమీ తోచేది కాదు. ఆయన స్టూలు మీద దుప్పటి మడతపెట్టి, నా భుజాల చుట్టూ శాలువా కప్పి, పక్కన నిలబడి గడియారం చూసేవాడు.

ఆ చలికాలం నేను కడుపుతో ఉన్నాను. నాకు తల్లి లేదు కాబట్టి కాన్పుకని అత్తమ్మే ఊరి నుంచి వచ్చింది. నేను పైకి వెళ్తుంటే ఆమెకు గుండె దడ.

"కడుపుతోని ఉన్నది చీకట్ల ఆకాశం దిక్కు సూసుడేందిరా? ఊకె ఉండనియ్యవా దాన్ని?"

"అమ్మా, గ్రహణం గూడ కాదు గదనే. ఉత్త చుక్కలు," అని ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

తొమ్మిదో నెల పడ్డాక ఒక పొద్దున బిడ్డ కదలడం లేదని తెలిసింది. తీపి తిన్నాను, పక్కకు తిరిగి పడుకున్నాను. కదల్లేదు. ఆటోలో అంబర్‌పేట్‌లో మేం చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె నా పొట్ట మీద వినే గొట్టం ఒకచోట ఆనించింది, ఇంకోచోట ఆనించింది, చివరికి గుండె చప్పుడు లేదంది. మరునాడు కాన్పు చేశారు. ఆడపిల్ల. బొడ్డుపేగు మెడకు చుట్టుకుందని, అది ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మా ఆయన, ఇంటి ఓనరు కలిసి తీసుకెళ్లి పూడ్చి వచ్చారు. నాకు చూపించలేదు. ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. అత్తమ్మ పాత చీర చింపి గట్టిగా కట్టు కట్టింది. కడుతూనే అన్నది.

"నేను మొత్తుకున్న. ఎవరిన్నరు?"

ఆయన ఎప్పటిలా ఆ మాట కొట్టిపారేస్తాడని, కనీసం కోప్పడతాడని ఎదురుచూశాను. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

టెలిస్కోపు గొట్టానికి గోనె కప్పేశాడు. నెలలు గడిచాయి. ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"నిన్ను పైకి రమ్మనకపోతే బతుకుతుండెనేమో."

"మీరు గూడ గట్లనే అంటున్నరా? డాక్టరమ్మ ఏం జెప్పింది మనకు?"

"నాకెర్కలేదా? కని మనసు ఇంటలేదు."

అన్నం కలిపిన నా చెయ్యి అలాగే ఎండిపోయింది. అత్తమ్మ మాట నన్ను అంతగా నొప్పించలేదు. ఆమెకు తెలిసింది అంతే. ఈయన తెలిసి అన్నాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆయనకు ఆఫీసులో ఆలస్యమైంది, అత్తమ్మ తన ఊరికి వెళ్లి ఉంది, కరెంటు పోయింది. నేను ఒక్కదాన్నే పైకెళ్లి గోనె తీశాను. కళ్లు మూసుకున్నా తెరిచినా తేడా లేని బాత్రూంలో ఫిల్ము ముక్కను వెలుగు సోకని చట్రంలోకి ఎక్కించి, పైకి తెచ్చి బిగించాను. నీహారిక మీదికి తిప్పి, నా చుక్కను అడ్డగీతల్లో పెట్టి, చేతులు కొంకర్లు పోయేదాకా మర తిప్పాను. ఏడుపు వచ్చింది గానీ కన్ను తీయలేదు. తర్వాత ఆ బాత్రూంలోనే, ఆయన ఇంట్లో కడిగే పద్ధతిలో కడిగాను. ఫిల్ము పాతది, అంచులన్నీ మసకబారాయి. నడుమ మాత్రం పొగమబ్బు లాంటి మరక, అందులో సన్నని చుక్కలు వచ్చాయి. మేం తీసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

పొద్దున అది ఆయన ముందు పెట్టాను. వెలుగుకు ఎత్తి చూశాడు. 

"ఎందుకు దీసినవ్?"

"మీరు తీయరని."

కవరులో పెట్టి బీరువా మీదికి తోశాడు. మళ్లీ దాని మాట ఎత్తలేదు.

రెండోసారి నెల తప్పిన వారంలోనే ఆయన దాబా తలుపుకు తాళం వేశాడు. బట్టలెక్కడ ఆరేసుకోవాలని ఓనరమ్మ గొడవపెడితే, "కాన్పయ్యేదాక జర ఓపిక పట్టున్రి," అని బతిమాలాడు. తాళంచెవి ఆఫీసుకు కూడా వెంట తీసుకెళ్లేవాడు. నేను అడగలేదు. అడిగితే ఇస్తాడేమోననీ భయమే, ఇవ్వడేమోననీ భయమే.

పిల్ల మంచిగా పుట్టింది. బలంగా ఏడ్చింది. అత్తమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని నన్ను చూసింది.

"ఇప్పుడన్న ఎర్కైందా?"

అది ఆకలికి నోరు తెరుస్తోంది. దాన్ని అందుకుని పాలు పట్టాను. బతికున్న బిడ్డను చేతుల్లో పెట్టుకుని ఏమని వాదించను? ఆ తర్వాత చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమె ఆ కథ చెప్పింది. మొదటిసారి చుక్కల్ని చూసి పోగొట్టుకున్నదని, ఈసారి బుద్ధొచ్చి నిలుపుకున్నదని. వింటూ వాళ్లకు చాయ్ అందించాను. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఒక్కసారీ కాదనలేదు.